ఎంఎం 540లో ఏ ఇంజన్ వేయాలి? క్వాలిస్‌దా, సీఆర్‌డీఈనా, పాతదే బోర్ చేయించాలా?

అత్తాపూర్_540
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, ఇప్పుడు తప్పడం లేదు. మా నాన్నగారి జీపు, మహీంద్రా ఎంఎం 540, 1990 మోడల్, ఫోర్ వీల్. ఇంజన్ 2112 సీసీ ప్యూజో డీజిల్. పొద్దున స్టార్ట్ చేస్తే వీధి అంతా పొగ. పక్కింటావిడ "బాబూ, బండి తీస్తున్నావా" అని అడిగి మరీ బట్టలు ఆరేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బుస్సుమని గాలి కొడుతోంది. పోయిన నెల అనంతగిరి ఘాట్‌లో రెండో గేరులో కూడా నీరసపడితే వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టీ కొట్టీ దాటి వెళ్లిపోయింది, డ్రైవర్ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మెకానిక్ మూడు మాటలు చెప్పాడు. పాతదే పూర్తిగా విప్పి బోర్ చేయించడం (అరిగిన సిలిండర్లను లోపల కొత్తగా కోయించడం), లేదా తుక్కుకు వచ్చిన క్వాలిస్ ఇంజన్ వేయడం, లేదా డబ్బుంటే పాత థార్‌లోని సీఆర్‌డీఈ, అంటే కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ డీజిల్ ఇంజన్. నాకు రేసు బండి అక్కర్లేదు. ఔటర్ మీద ఎనభైలో గుండె దడ లేకుండా వెళ్లాలి, ఘాట్ ఎక్కాలి, ఫోర్ వీల్ పని చేయాలి. ఏం చేయమంటారు?

బాలానగర్_లేత్
ఇంజన్ సంగతి తర్వాత. ముందు మూడు చెప్పండి. గేర్ బాక్స్ నాలుగు గేర్లదా, ఐదు గేర్లదా? హౌసింగ్ రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో, అది ఎంత? టైర్ సైజు ఏంటి? ఈ మూడూ తెలియకుండా ఇంజన్ కొనడమంటే కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడమే.

గచ్చిబౌలి_గేరు
ఇంత ఆలోచన ఎందుకు భాయ్, సీఆర్‌డీఈ వేసెయ్. 2010లో వచ్చిన థార్‌లో 2498 సీసీ, 105 హార్స్ పవర్, 247 ఎన్ఎం టార్క్. అదీ మహీంద్రానే, ఇదీ మహీంద్రానే. ఒక్కసారి నొక్కితే బస్సు డ్రైవర్ నీ వెనక సైలెన్సర్ చూసుకుంటూ రావాలి.

ఉప్పల్_వైరింగ్
మీరు చెప్పింది వినడానికి బాగానే ఉంది కానీ వైరింగ్ చేసేవాణ్ణి కాబట్టి అవతలి పక్క కూడా చెప్తా. కామన్ రైల్ ఇంజన్ అంటే ఇంజన్ ఒక్కటే తెచ్చుకుంటే కుదరదు. దాని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె), మొత్తం వైర్ల జడ, యాక్సిలరేటర్ పెడల్, క్రాంక్ సెన్సార్, ఇమ్మొబిలైజర్ ఉంటే దాని తాళం చెవి, అన్నీ ఒకే బండివి అయి ఉండాలి. తుక్కు షాపులో ఇంజన్ దింపేటప్పుడు వైర్లు కట్టర్‌తో కచకచా కోసేస్తారు, ఆ కోసిన జడ తెచ్చి "అన్నా, కలిపి పెట్టు" అంటారు. అలా వచ్చిన బండి ఒకటి నా షెడ్డులో నలభై రోజులు ఉంది. చివరికి ఇంకో పూర్తి బండి జడ దొరికేదాకా స్టార్ట్ కాలేదు. పాత ప్యూజోకి ఏం కావాలి? హీటర్ ప్లగ్గులకు కరెంటు, సెల్ఫ్‌కి కరెంటు, పంపు ఆపడానికి ఒక తీగ. అడవిలో ఆగినా మీరే చూసుకోవచ్చు.

ఇంకొకటి, టార్క్ మీ పాత ఇంజన్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఆ దెబ్బ గేర్ బాక్స్ మీద, వెనక యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది. అవి మాత్రం 1990వే కదా.

నాగోల్_2ఎల్
నేను క్వాలిస్ ఇంజన్ వేయించినవాణ్ణి, నా అనుభవం చెప్తాను. టొయోటా 2ఎల్, 2446 సీసీ, వైర్ల గోల లేని మెకానికల్ పంపు, ఆల్టర్నేటర్ వెనకే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది కాబట్టి బ్రేక్ బూస్టర్‌కి ఇబ్బంది లేదు. ఇది చిన్న విషయం కాదు. డీజిల్ ఇంజన్‌కి పెట్రోల్ దానిలా గాలి పీల్చే చోట వ్యాక్యూమ్ రాదు, పంపు లేకపోతే బూస్టర్ ఉన్నా లేనట్టే.

ఇంజన్ అయితే అద్భుతం, ఎక్కడా వంక పెట్టలేను. వంకంతా ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య. మన జీపులో ఫోర్ వీల్ బాక్స్ గేర్ బాక్స్ వెనక నేరుగా కూర్చుంటుంది, దాని లోపలి గేరు గేర్ బాక్స్ షాఫ్ట్ చివరే ఉంటుంది. అందుకని క్వాలిస్ గేర్ బాక్స్ పెడితే ఫోర్ వీల్ పోతుంది, లేదంటే ఫోర్ వీల్ బాక్స్ విడిగా వేలాడదీసి మధ్యలో పొట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ వేయాలి. నాకు ఫోర్ వీల్ కావాలి, కాబట్టి జీపు గేర్ బాక్స్ ఉంచేసి, టొయోటా ఇంజన్‌కీ జీపు బెల్ హౌసింగ్‌కీ (గేర్ బాక్స్ ముందు క్లచ్‌ని కప్పే గుల్ల) మధ్య ఇనుప ప్లేటు చేయించాను. ఇక్కడే మొదలైంది నా కథ. పదమూడు నెలల్లో గేర్ బాక్స్ ముందు బేరింగ్ మూడుసార్లు పోయింది. మూడో గేరులో ఎక్స్‌లేటర్ వదిలితే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి దూకుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు గర్‌ర్‌మని అరిచి కానీ పడదు. ప్రతిసారీ బేరింగ్ కంపెనీని తిట్టుకుని కొత్తది వేయిస్తున్నా.

బాలానగర్_లేత్
నాగోల్ గారూ, బేరింగ్‌ని తిట్టకండి పాపం. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి. క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) సెంటరూ గేర్ బాక్స్ షాఫ్ట్ సెంటరూ ఒక గీత మీద లేవు. ప్లేటు ఎలా చేశారు? కాగితం మీద రంధ్రాలు అచ్చు తీసి, పంచ్ కొట్టి, డ్రిల్ చేశారా?

నాగోల్_2ఎల్
అవును, అట్టముక్క మీద గ్రీజు అచ్చు తీసి చేశారు. ఉస్తాద్ ముప్ఫై ఏళ్లుగా అలాగే చేస్తున్నాడు, ఆయన చేసిన బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. బోల్టులన్నీ చేత్తోనే సాఫీగా పట్టాయి కూడా.

బాలానగర్_లేత్
బోల్టు పట్టడం వేరు, సెంటర్ కలవడం వేరు. బోల్టుకీ రంధ్రానికీ మధ్య అర మిల్లీమీటర్ సందు ఎప్పుడూ ఉంటుంది. సెంటర్‌ని పట్టి ఉంచేది బోల్టులు కాదు, సందు లేకుండా బిగుతుగా దిగే డోవెల్ పిన్నులు. ఎలా చూడాలో చెప్తాను, రాసి పెట్టుకోండి.

గేర్ బాక్స్ దింపి, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు తీసేయండి. బెల్ హౌసింగ్ మాత్రం ప్లేటుతో సహా ఇంజన్‌కి బిగించి ఉంచండి. డయల్ గేజ్‌ని (వెంట్రుకవాసి తేడా కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) మాగ్నెట్ స్టాండ్‌తో ఫ్లైవీల్ మీద నిలబెట్టి, దాని మొన బెల్ హౌసింగ్‌లో గేర్ బాక్స్ ముందు భాగం కూర్చునే గుండ్రటి రంధ్రం లోపలి అంచుకి తగిలించండి. ఇప్పుడు ఇంజన్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు మెల్లగా తిప్పండి. ముల్లు మొత్తం మీద ఎంత కదిలిందో అదే రీడింగ్, అసలు తేడా అందులో సగం. రీడింగ్ పది పన్నెండు పాయింట్లు, అంటే 0.1 మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే పరవాలేదు. అంతకు మించితే డోవెల్ పిన్ను స్థానం జరపాలి. క్రాంక్ చివర చిన్న బేరింగ్ ఉంటుంది, గేర్ బాక్స్ షాఫ్ట్ ముక్కు అందులో దూరుతుంది. సెంటర్ తప్పితే ఆ ముక్కు ఒక చోట, ఒళ్లు ఇంకో చోట అయి షాఫ్ట్ ప్రతి చుట్టుకీ వంగుతూ తిరుగుతుంది. బేరింగ్ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది చెప్పండి.

నాగోల్_2ఎల్
చూద్దాం అన్నా. నాకైతే నమ్మకం లేదు, మళ్లీ గేర్ బాక్స్ దింపే ఓపిక అంతకంటే లేదు.

అత్తాపూర్_540
లేత్ అన్నా, మీరడిగినవి ఆదివారం చూశాను. గేర్లు నాలుగే. టైర్లు 6.00-16. రేషియో నాన్న చూపించారు. వెనక ఒక చక్రం జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీశాం. నేను చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు (రెండో చక్రం ఆగి ఉంది కాబట్టి ఇవి ఒక చుట్టు కిందే లెక్క) తిప్పితే నాన్న కింద పడుకుని గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టారు. ఐదు చుట్లూ, ఆపైన మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. డెబ్బై ఏళ్ల మనిషి బండి కింద నుంచి రావడానికి మాత్రం మా అమ్మ చేత మాటలు పడాల్సి వచ్చింది.

బాలానగర్_లేత్
అది 5.38. హౌసింగ్ లోపల పెద్ద గేరు క్రౌన్ 43 పళ్లు, చిన్న గేరు పినియన్ 8 పళ్లు. పాత విల్లీస్ కాలం నుంచి వస్తున్న రేషియో. ఇప్పుడు లెక్క చూడండి. మీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.28 మీటర్లు పోతుంది. ఎనభై స్పీడు అంటే నిమిషానికి 1333 మీటర్లు, అంటే చక్రం 585 చుట్లు. దాన్ని 5.38తో గుణిస్తే నాలుగో గేరులో ఇంజన్ 3,100 దాటి తిరుగుతోంది. మీరు ఏ ఇంజన్ వేసినా ఇంతే, 105 హార్స్ పవర్ వేసినా అదే 3,100. ఔటర్ మీద మీ గుండె దడకి సగం కారణం ఇంజన్ కాదు, ఈ లెక్క. ఐదో గేరు 0.85 ఉన్న బాక్స్ దొరికితే సుమారు 2,670కి దిగుతుంది. హౌసింగ్ రేషియో మారుద్దామనుకుంటే ముందూ వెనకా రెండూ ఒకటే ఉండాలి. తేడా ఉన్న బండిని గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో పెడితే ఏదో ఒకటి విరుగుతుంది.

తిరుమలగిరి_జిప్సీ
నాది జిప్సీ కాబట్టి ఇందులో తలదూర్చకూడదనుకున్నా కానీ ఒక మాట చెప్పాలి. నా బండిలో 1298 సీసీ తీసి పాత బలెనో 1590 సీసీ వేయించాను. రెండూ సుజుకీ జీ కుటుంబమే. బోరు 74 నుంచి 75 అయింది, స్ట్రోక్ మాత్రం 75.5 నుంచి 90కి పెరిగింది, దాంతో ఇంజన్ ఎత్తు కూడా. బలెనోలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, జిప్సీలో నిలువుగా. అందుకని ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టే ఫౌండేషన్లూ, ఆయిల్ చాంబరూ, గాలి గొట్టాలూ మార్చుకోవలసి వచ్చింది. కానీ గేర్ బాక్స్‌కి మాత్రం ప్లేటు లేదు, లేత్ పని లేదు. పరాయి ఇంజన్ కంటే మేనత్త కూతురు లాంటి ఇంజన్ వెతుక్కోవడం మేలు అని నా అభిప్రాయం. ఇంకో మాట, కొత్త ఇంజన్ డబ్బుల్లోంచి ముందే కొంత బ్రేకులకు పక్కన పెట్టండి. నేను పెట్టలేదు, శామీర్‌పేట దగ్గర ఒక గేదె నాకు ఆ పాఠం చెప్పింది. గేదెకేం కాలేదు.

ఆర్‌సీ_పరబ్రహ్మం
ఇంతమంది ఇంత రాశారు, కాగితాల మాట ఒక్కరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ చేర్చారు. యజమాని అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

గచ్చిబౌలి_గేరు
లైట్ తీసుకోండి సార్. హైదరాబాద్‌లో ఎన్ని జీపులు తిరగడం లేదు? ట్రాఫిక్ వాళ్లు హెల్మెట్ చూస్తారు కానీ బానెట్ లేపి సీసీ కొలుస్తారా?

ఆర్‌సీ_పరబ్రహ్మం
ట్రాఫిక్ వాళ్లు లేపరు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లేపుతాడు, ఇంజన్ నంబరు చూస్తాడు. అది సర్దుకున్నా, యాక్సిడెంట్ అయిన రోజు బీమా వాళ్ల సర్వేయర్ లేపుతాడు, ఆయన్ని ఎవరూ లైట్ తీసుకోలేరు. తుక్కులో కొన్న ఇంజన్ దొంగ బండిది అయితే ఆ పైన ఇంకో కేసు. కాబట్టి అత్తాపూర్ గారూ, ఏ ఇంజన్ కొన్నా బిల్లు, అది ఏ బండిలోదో దాని కాగితాలు తీసుకోండి. కొనకముందే ఆర్టీఏలో రాతపూర్వకంగా అడగండి. అదే తయారీ, అదే ఇంధనం అయితే అడగడానికి ఒక ముఖం ఉంటుంది. టొయోటా ఇంజన్ వేసి మహీంద్రా అని ఎలా రాయించుకుంటారు?

నాగోల్_2ఎల్
ఆ ప్రశ్న నన్ను అడక్కండి సార్.

పాత_సామాను
నేను రిటైరైన మెకానిక్‌ని, మా అబ్బాయి టైప్ చేస్తున్నాడు. జిప్సీ అమ్మాయి చెప్పిన మేనత్త కూతురు ప్యూజోకి కూడా ఉంది. మీ ఇంజన్ ఎక్స్‌డీపీ 4.90, బోరు 90, స్ట్రోక్ 83, మొత్తం 2112 సీసీ. దీని పెద్దన్న ఎక్స్‌డీ3పీ, బోరు 94, స్ట్రోక్ 90, మొత్తం 2498. మహీంద్రా వాళ్లే క్లాసిక్‌లోనూ అర్మడా గ్రాండ్‌లోనూ వేశారు. అదే కుటుంబం, అదే డీజిల్, అదే హీటర్ ప్లగ్గు పద్ధతి. మరీ గొప్ప గుర్రం అనను, కానీ కింద నుంచి లాగుతుంది, ఘాట్‌లో మీకు కావలసింది అదే. దొరికినది మంచిదో కాదో చూడాలంటే క్రాంక్ ముందు పుల్లీ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, ఆట తెలిస్తే వదిలేయండి. హెడ్ తీయించి వాల్వుల మధ్య పగుళ్లు చూడకుండా డబ్బు ఇవ్వకండి. అమ్మేవాడు "స్టార్ట్ చేసి చూపిస్తా" అంటే ముందు చేయి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచాడని అర్థం. చల్లటి ఇంజన్ పొగే నిజం చెబుతుంది.

అత్తాపూర్_540
పెద్దాయనకి దండాలు. నాన్నకి చదివి వినిపించాను, "ఈయన మాట విను" అన్నారు. వెతకడం మొదలుపెడుతున్నా.

(మూడు నెలల తర్వాత)

అత్తాపూర్_540
ఆలస్యానికి క్షమించండి. ఇంజన్ దొరికింది. ఆటోనగర్‌లో రెండు చూశాను, ఒకటి హెడ్ తీస్తే మూడో సిలిండర్‌లో రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత పగులు, నమస్కారం పెట్టి వచ్చేశా. రెండోది జహీరాబాద్ దగ్గర కొట్టంలో పడి ఉన్న క్లాసిక్‌లోది, బండి కాగితాలతో సహా. నా తలనొప్పి అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రంధ్రాలు కొలిచాం, మా బెల్ హౌసింగ్ అలాగే పట్టింది. అయినా లేత్ అన్న మాట మీద డయల్ గేజ్ పెట్టించాను. అన్నే వచ్చి పెట్టారు, ఆరు పాయింట్లు. కంపెనీ డోవెల్స్ అంటే అంతే. క్లచ్ ప్లేటు దగ్గర మాత్రం ఒక రోజు పోయింది. పళ్లు మా గేర్ బాక్స్ షాఫ్ట్‌కి సరిపోవాలి, చుట్టుకొలత కొత్త ఫ్లైవీల్‌కి సరిపోవాలి, ఆ రెండూ కలిసిన ప్లేటు కోసం రాణిగంజ్ నుంచి మొదలుపెట్టి ఊరంతా తిరిగాను. సైలెన్సర్ గొట్టం స్టీరింగ్ బాక్స్‌కి తగులుతుంటే కోసి వంచి అతికించారు.

తర్వాత వేడి. ఊళ్లో ఏమీ లేదు, అనంతగిరి ఎక్కుతుంటే సగంలో ముల్లు ఎర్రగీత దగ్గరికి. రేడియేటర్ కడిగించా, థర్మోస్టాట్ మార్చా, తగ్గలేదు. తీరా చూస్తే ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య జానెడు ఖాళీ, చుట్టూ కవచం లేదు. ఫ్యాన్ తిరిగిన గాలినే మళ్లీ తిప్పుకుంటోంది తప్ప రేడియేటర్‌లోంచి లాగడం లేదు. రేకుతో కవచం చేయించి ఫ్యాన్ దానిలో సగం దూరేలా పెట్టాం. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఎక్కాను, ముల్లు సగం దాటలేదు. ఆర్టీసీ బస్సుని దాటలేదు కానీ అది కూడా నన్ను దాటలేదు.

ఔటర్ మీద ఎనభైలో మోత ఇంకా ఉంది, అది లెక్క ప్రకారమే కదా. ఐదు గేర్ల బాక్స్ వచ్చే ఏడాది చూద్దాం. నాలుగు చక్రాల బ్రేక్ లైనింగులూ, మాస్టర్ సిలిండరూ ముందే మార్పించాను, జిప్సీ అక్క గేదె పుణ్యాన.

ఆర్‌సీ_పరబ్రహ్మం
కాగితం?

అత్తాపూర్_540
ఇంజన్ ఎక్కించకముందే దరఖాస్తు ఇచ్చాను సార్, బిల్లూ, క్లాసిక్ కాగితాలూ జత చేసి. 2112 నుంచి 2498 అంటే అది కూడా మార్పే కదా అని ఒకరు, కంపెనీ ఒకటే కదా అని ఇంకొకరు. ఇంకా తేలలేదు. తేలేదాకా బండి సొంత కాంపౌండ్‌లోనే, అనంతగిరికి మాత్రం ట్రక్కు మీద తీసుకెళ్లి కొండ మీద ఒక తెలిసినవాళ్ల తోటలో ఎక్కించి దింపాను అని రాయాలనుంది, కానీ ఇక్కడ అబద్ధం ఎందుకు.

ఆర్‌సీ_పరబ్రహ్మం
నేను ఈ పోస్టు చదవలేదు.

తిరుమలగిరి_జిప్సీ
పాత ఇంజన్ ఏం చేశారు?

అత్తాపూర్_540
అమ్మేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. జామచెట్టు కింద గోనె కప్పి ఉంది. రోజూ సాయంత్రం ఒక నట్టు విప్పుతున్నారు.

నాగోల్_2ఎల్
ఇన్నాళ్లూ ఇక్కడికి రాకపోవడానికి కారణం ఉంది. పోయిన వారం నాలుగో బేరింగ్ పోయింది. ఎలాగూ గేర్ బాక్స్ దింపారు కదా అని తెలిసినవాళ్ల దగ్గర డయల్ గేజ్ అప్పు తెచ్చి, లేత్ అన్న చెప్పినట్టే ఫ్లైవీల్ మీద నిలబెట్టాను. ఉస్తాద్ కూడా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ పావు చుట్టు తిరిగేసరికి ముల్లు ఇరవై దగ్గరికి పోయింది. ఏదో తగిలిందేమోనని మళ్లీ సున్నా పెట్టి తిప్పా. మూడుసార్లు చూశా. నలభై రెండు పాయింట్లు. ఉస్తాద్ ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకుని బయటికెళ్లి కాసేపు నిలబడి వచ్చి, "ప్లేటు విప్పు" అన్నాడు.

లేత్ అన్నా, శనివారం షెడ్డు తీసే ఉంటుందా? ప్లేటూ, బెల్ హౌసింగూ, ఉస్తాద్, ముగ్గురినీ తీసుకుని వస్తున్నా.

బాలానగర్_లేత్
రండి. పది దాటాక రండి, అంతకు ముందు కరెంటు ఉండదు.